కప్పలు అరిచే పెరడు

ఏలూరు,
12 ఏప్రిల్ 2025

వరదా,

నువ్వూ జాయ్సీ చల్లగా ఉన్నారని తలుస్తూ మొదలుపెడుతున్నాను. రిటైరైన మర్నాడు మనుషులు ఏం చేస్తారో నాకు తెలియదు. నేనైతే గునపం కొనుక్కున్నాను. బడిలో కప్పిన శాలువా మడత ఇంకా విప్పలేదు.

ఇల్లు కొన్నప్పుడు వెనక స్థలమంతా బురద కాకుండా సిమెంటు పలకలు పరిపించాను, గుర్తుందా? వాటిని పీకించేశాను. పనికొచ్చిన మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏవండీ టీచరుగారూ, పలకలు వెయ్యమని పిలిచేవాళ్ళేగానండీ, పీకమన్న మనిషిని మిమ్మల్నే చూశానండీ" అన్నాడు. ఇంకో పని కూడా చెప్పాను. మధ్యలో రెండు నులక మంచాలంత మేర గుంట తవ్వమన్నాను. ఒకవైపు నిటారుగా కాకుండా ఏటవాలుగా ఉండాలన్నాను. నీళ్ళకోసం వచ్చిన చిన్న ప్రాణి ఏదైనా పడితే, పాకి బయటికి రావద్దూ?

ఇంకా విను. నిమ్మ, కరివేపాకు పక్కపక్కనే నాటాను. వాటి ఆకులు తినే గొంగళిపురుగులే కదా రేపటి సీతాకోకచిలుకలు. అందుకని మందు కొట్టను. పురుగు తిన్నది పురుగుకి, మిగిలింది నా చారులోకి. మూలన మొలిచిన జిల్లేడుని ఉండనిచ్చాను. మొవ్వు ఎండిపోయిన కొబ్బరిచెట్టుని కొట్టించలేదు, దాని తొర్రలో గోరింకలు కాపురం పెట్టాయి. రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టడం మానేసి గోడవారన పోగు పోస్తున్నాను. పక్కింటి సూర్యకాంతంగారు గోడమీంచి చూసి, "పాములొస్తాయండీ టీచరుగారూ, మీరు చదువుకున్నవారు, నేను చెప్పాలాండీ" అని రోజూ చెబుతున్నారు.

నీ వల్ల కావలసింది ఒకటుంది. మీ కొల్లేటి ఒడ్డునుంచి రెండు కలువ దుంపలు, కాస్త తుంగ పంపు. గుర్రపుడెక్క మాత్రం వద్దు, అది కాలు పెట్టినచోట ఇంకొకరిని బతకనివ్వదు.

వాన పడేలోగా ఇదంతా తయారవ్వాలి. ఈ ఏడు నా పెరట్లో కప్పలు అరవాలి వరదా. పిట్టలూ సీతాకోకలూ వస్తే సంతోషమే, రాకపోయినా ఊరుకుంటాను. కప్పలు మాత్రం రావాలి. ఎందుకని అడక్కు.

నా ఫోను సరిగా పనిచేయడం లేదు. ఉత్తరమే రాయి. మీ చేపల వ్యాను డ్రైవరు నెహెమ్యా రోజూ ఇక్కడికే కదా వచ్చేది, అతని చేతికిచ్చి పంపు.

నీ అక్క
సువర్ణ


మండవల్లి,
19 ఏప్రిల్ 2025

అక్కా,

కలువ దుంపలు, తుంగ, కొంచెం మా చెరువు మట్టి కూడా గోనెసంచిలో కట్టి పంపుతున్నాను. తడి ఆరకముందే పాతిపెట్టు. జాయ్సీ రొయ్యల పచ్చడి కూడా పెట్టింది. అది పాతిపెట్టేది కాదు.

నీ ఉత్తరం చదివి మా ఇంట్లో ఒక పూట నవ్వుకున్నాం. ఒక కడుపున పుట్టిన ఇద్దరం. నేను పిట్టలు రాకుండా చెరువులమీద వలలు కడతాను, టపాకాయలు పేలుస్తాను. నువ్వు పిట్టలకి విందు పెట్టడానికి ఇల్లు పీకి పందిరేస్తున్నావు. అందరూ గుంటలు పూడ్చి ఇళ్ళు కడుతుంటే నువ్వు ఇంట్లో గుంట తవ్వావు. పైగా కప్పలట! మా దగ్గర చేపలు అడిగితే బొచ్చె ఇస్తాం, శీలావతి ఇస్తాం. కప్పలు అడిగిన ఆడపడుచుని ఎక్కడా చూడలేదని జాయ్సీ అంటోంది.

నవ్వు సంగతి అలా ఉంచు. నీ ఫోను పాడవలేదు అక్కా. రింగవుతోంది. ఎత్తుతున్నావు కూడా. మొన్న నేను "జాయ్సీకి ఒంట్లో బాలేదు" అంటే, "మంచిది, సంతోషం, ఉంటాను" అని పెట్టేశావు. స్పీకరులో ఆ మాట విని పాపం అది మంచం మీదే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు మా వలలో చిక్కి వేలాడుతున్న నీటికాకిని చూసి అన్నం తినకుండా వెళ్ళిపోయావు. ఆ కోపం ఇంకా పోలేదని నాకు తెలుసు. చెరువు మీద అలిగినవాడి సామెత తెలుగు టీచరుకి నేను చెప్పాలా? కౌలు చెరువు అక్కా, ఆ నీటికాకులు ఒక్క పూటలో తినే చేపతో మేము వారం గడుపుతాం. అడిగితే చెప్పేవాణ్ణి. అడగకుండా వెళ్ళావు.

ఉంటాను.
వరదానం


ఏలూరు,
18 జూన్ 2025

వరదా,

వచ్చాయి!

పోయిన వారం ఒక సాయంత్రం పెద్ద వాన. గుంట నిండి ఏటవాలు అంచుదాకా నీళ్ళు చేరాయి. నువ్వు పంపిన తుంగ నిలబడింది, కలువ రెండాకులు వేసింది. నేను వంటింటి మెట్టు మీద కూర్చుని పకోడీలు తింటున్నాను. ముందు ఒకటి అరిచింది. తరవాత గోడవారనుంచి ఇంకోటి. చీకటి పడేసరికి పెరడంతా బెకబెకలే. ఎక్కడినుంచి వచ్చాయో, ఇంత ఊళ్ళో, ఇన్ని సిమెంటు రోడ్లు దాటుకుని, నా గుంటకి దారి ఎవరు చెప్పారో! నేను విన్నాను వరదా. చక్కగా, నిండుగా విన్నాను. పకోడీ చేతిలోనే ఉండిపోయింది. ఏడ్చానని రాస్తే నవ్వుతావు, రాసేశాను.

ఇప్పుడు నీళ్ళలో నల్లటి తోకపిల్లలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. ఇవి కాళ్ళొచ్చి గట్టెక్కి ఇక్కడే ఉండిపోతే ఏటా నాకు వానాకాలం ఉంటుంది. సూర్యకాంతంగారు మాత్రం "నిన్న కంటిమీద కునుకు లేదండీ, మునిసిపాలిటీ వాళ్ళకి చెప్పనా వద్దా మీరే చెప్పండి" అన్నారు. ఆవిడకి నిమ్మకాయలిచ్చి శాంతపరిచాను.

జాయ్సీ మాట చదివి తల దించుకున్నాను. దానికి చెప్పు, నేను అన్నది ఆ అర్థంతో కాదని. వల సంగతి మీద కోపం లేదు. బాధ ఉంది, కోపం లేదు. ఫోను సంగతి వేరు, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మన చిన్నాన్నగారి పెర్సిస్‌కి పురుడు. తాడేపల్లిగూడెం వెళ్తున్నాను, వారంపైన పట్టచ్చు. తాళాలు సూర్యకాంతంగారి దగ్గర ఉంటాయి. వాన వెనకపడి గుంటలో నీళ్ళు తగ్గితే నా తోకపిల్లలు ఎండలో చస్తాయి. ఏలూరు మార్కెట్టుకి వచ్చినప్పుడు ఒకసారి చూసి, గుంటని కాస్త కనిపెట్టుకుని ఉండు.

నీ అక్క
సువర్ణ


మండవల్లి,
29 జూన్ 2025

అక్కా,

ఊరినుంచి వచ్చి పెరట్లో అడుగుపెట్టగానే నువ్వు ఎలా చూస్తావో ఊహించుకుంటూ రాస్తున్నాను.

గుంట చూడమన్నావు కదా. నేనొక్కణ్ణీ చూసి వచ్చేయడమేనా? నెహెమ్యానీ ఇద్దరు మనుషుల్నీ తీసుకుని, నీళ్ళు తోడే చిన్న ఇంజను వ్యానులో వేసుకుని వెళ్ళాను. పాపం ఒక్కదానివీ చేసుకోలేక ఎంత పాడుపెట్టుకున్నావో అప్పుడు తెలిసింది. నీళ్ళు పచ్చగా నాచుపట్టి ఉన్నాయి. మొత్తం తోడించేశాం. అడుగు ఎండబెట్టి మా చెరువులకి చల్లినట్టే సున్నం చల్లాం. దాంతో చెత్తాచెదారం, పురుగూ పుట్రా, నీ తోకపిల్లలతో సహా అన్నీ శుభ్రమైపోయాయి. మంచి నీళ్ళు పెట్టి నీకోసం కొరమేను పిల్లలు వదిలాను. మామూలు చేప కాదు, కొరమేను! సంక్రాంతినాటికి కూరకొస్తాయి. లకుముకి పిట్టలు ఎత్తుకుపోకుండా పైన సన్నవల కూడా బిగించాం.

గోడవార ఆకుల పోగు తగలబెట్టించాను. జిల్లేడు పీకించాను. సూర్యకాంతంగారు గోడ దగ్గరికొచ్చి, "తమ్ముడంటే ఇలా ఉండాలండీ" అని అందరికీ టీ ఇచ్చారు.

క్రిస్మస్‌నాటి కోపం ఇకనైనా దిగుతుందనుకుంటాను. ఇంత శ్రద్ధగా నా సొంత చెరువుకి కూడా చేసుకోలేదు.

వరదానం


ఏలూరు,
2 జూలై 2025

వరదానానికి,

నీ కొరమేను పిల్లలు బకెట్టులో పోసి నెహెమ్యాతో పంపిస్తున్నాను. వల కూడా కోసి ఇచ్చేశాను.

నిన్ను కనిపెట్టుకుని ఉండమన్నాను. చంపమనలేదు.

నిన్న వాన పడింది. వంటింటి మెట్టు మీద కూర్చున్నాను. ఏమీ లేదు. ఇక ఈ పెరటి జోలికి రాకు.

సువర్ణ


మండవల్లి,
9 జూలై 2025

అక్కా,

చేపపిల్లల్లో సగం దారిలోనే చచ్చిపోయాయి. వాటిమీద నీకు జాలి రాలేదు కాబోలు, కప్పలకే నీ జాలి.

చెరువంటే నాకు తెలిసింది ఒకటే పద్ధతి. తోడాలి, ఎండగట్టాలి, సున్నం చల్లాలి, పిల్లలు వదలాలి. నాన్న నేర్పింది అదే. నాకున్న విద్య అంతా తెచ్చి నీ పెరట్లో పోశాను. నువ్వు నన్ను హంతకుణ్ణి చేశావు. కప్పల కోసం తమ్ముణ్ణి గుమ్మం తొక్కొద్దన్న అక్కని నేనెక్కడా వినలేదు.

అయినా నీకు సర్దిచెప్పడానికి మొన్న ఆదివారం గుడి అవగానే జాయ్సీ బస్సెక్కి ఏలూరు వచ్చింది. నీకిష్టమని చింతచిగురు రొయ్యలు వండి తెచ్చింది. గేటుకి తాళం వేసి నువ్వు పక్క సందులో పెరటివైపు మొక్కలకి నీళ్ళు పోస్తున్నావట. "వదినగారూ, వదినగారూ" అని గొంతు పోయేలా పిలిచిందట. నువ్వు వీపు తిప్పుకుని అలాగే నిలబడ్డావట. వీధిలో వాళ్ళు చూస్తుంటే సిగ్గుతో చచ్చి, గిన్నె సూర్యకాంతంగారికిచ్చి వచ్చేసింది. పెళ్ళైననాటినుంచీ నిన్ను తల్లిలా చూసుకున్న మనిషి అది. నామీద కోపముంటే నన్ను తిట్టు, పడతాను. దాన్ని వీధిలో నిలబెట్టడం నీకు తగునా?

నీతో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఇక ఊదను.

వరదానం


ఏలూరు,
14 జూలై 2025

వరదా,

నువ్వు సామెతగా రాశావు. అది నిజం.

నాకు చెవులు పోతున్నాయి.

ఇది ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఉన్న ఒక్క తమ్ముడూ పోయేలా ఉన్నాడు, అందుకని రాస్తున్నాను. మూడేళ్ళ కిందట మొదలైంది. తరగతిలో వెనక బెంచీ పిల్లలు ఏదో అని నవ్వేవారు, నేను కూడా నవ్వేదాన్ని. గుడిలో పాటల బృందంలోంచి తప్పుకున్నాను, గొంతు బాలేదని చెప్పాను. నీ ఫోను ఎత్తితే ఎవరో ఊక దంచుతున్నట్టు ఉంటుంది, మాట తెలియదు. "సంతోషం" అంటే ఏ మాటకైనా సరిపోతుందనుకున్నాను. జాయ్సీ జ్వరానికి సరిపోలేదు. ఆ రోజు అది గేటు దగ్గర పిలిచినప్పుడు నాకు నిజంగా ఏమీ వినపడలేదు. దానిది సన్న గొంతు. సూర్యకాంతంగారు గిన్నె తెచ్చి చేతిలో పెట్టినప్పుడు, దారినపోతూ ఇచ్చేసి వెళ్ళిందనుకున్నాను. నువ్వు రాసేదాకా అది నిలబడి పిలిచిందని తెలియదు.

పెర్సిస్ పురుడు నిజమే, ఆడపిల్ల. కానీ తాడేపల్లిగూడెంలో నాకు ఇంకో పని కూడా ఉంది. అక్కడి చెవుల డాక్టరుగారిని కలిశాను. ఏలూరులో అయితే వరండాలో నా పాత విద్యార్థులే ఉంటారు. ఆయన కాగితం మీద గీత గీసి చూపించారు. "సన్నటి శబ్దాలు ముందు పోతాయండీ. బొంగురువి ఆఖర్న పోతాయండీ" అన్నారు. మిషను పెట్టుకుంటే కొంత నయమట, పోయింది మాత్రం తిరిగి రాదట. ఎన్నాళ్ళుంటుందంటే చెప్పలేమన్నారు.

ఆయన చెప్పకముందే నా పెరటి పిట్టలు చెప్పాయి. మొదట తేనెపిట్ట పోయింది. మందారం మీద ఎదురుగానే వాలుతుంది, ముక్కు తెరుస్తుంది, శబ్దం మూసేసిన టీవీలా ఉంటుంది. తరవాత పిచ్చుకలు పోయాయి. గోరింకలు సగం సగం. కాకి ఉంది, కానీ కాకి కోసం ఎవరు తోట వేస్తారు చెప్పు? అప్పుడు అనిపించింది, కప్ప గొంతు లావు కదా, అది ఇంకా మిగిలి ఉంటుందేమోనని. అందుకే పలకలు పీకించాను. జూన్‌లో ఆ సాయంత్రం నేను విన్నది కప్పల్ని కాదు వరదా, నా చెవుల్ని. నేనింకా ఉన్నానని విన్నాను.

నువ్వు కావాలని చేయలేదు. ఎందుకు కావాలో చెప్పకుండా కనిపెట్టుకోమన్నది నేను. జాయ్సీకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నేనే దాని కాళ్ళు పట్టుకున్నాననుకోమను.

నీ అక్క
సువర్ణ


మండవల్లి,
27 జూలై 2025

అక్కా,

నీ ఉత్తరం జాయ్సీయే పైకి చదివింది. సగంలో ఆపేసి లోపలికి వెళ్ళిపోయింది. మిగిలింది నేను చదువుకున్నాను. ఇప్పటిదాకా జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

ముందు నాకు తోచింది ఏమిటంటే, కప్పల్ని పట్టి డ్రమ్ముల్లో తెచ్చి నీ గుంటలో వదిలేద్దామని. జాయ్సీ తిట్టింది. "చేపపిల్లలనుకున్నారాండీ, లెక్కపెట్టి వదలడానికి? మళ్ళీ మీ విద్యేనా?" అంది. అయినా కనీసం ఎక్కడున్నాయో చూద్దామని వాన పడిన సాయంత్రం మా చెరువు గట్టు మీద నడిచాను. ఈ చివరినుంచి ఆ చివరిదాకా. వాన చప్పుడు, నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు, అంతే. పక్క చెరువు గట్టు ఎక్కాను. అక్కడా అంతే. ఇన్నేళ్ళుగా ఇక్కడే తిరుగుతున్నాను, కప్పలు లేవని నేనెప్పుడూ గమనించలేదు. నాకు చెవులు బాగానే ఉన్నాయి అక్కా. అయినా వినలేదు.

చివరికి మా ఊరి భీమశంకరంగారి వరిచేనుకి నీళ్ళు పారే బోదె దగ్గర వినపడ్డాయి. అక్కడ గొడుగేసుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆయన చూసి, "ఏం పోగొట్టుకున్నావయ్యా వరదానం?" అని అడిగారు. "మా అక్కకి కప్పలు కావాలండీ" అన్నాను. ఆయన నా మొహంకేసి ఒకసారి చూసి వెళ్ళిపోయారు. ఊళ్ళో ఇప్పుడు ఏమనుకుంటున్నారో నువ్వే ఊహించుకో.

నేను మారిపోయి రేపటినుంచి నీటికాకులకి మేత వేస్తాననుకోకు. చెరువు చెరువే, కౌలు కౌలే. కానీ మా చెరువుల మూలనున్న చిన్న గుంటకి ఈసారి సున్నం చల్లను, వల కట్టను. దాన్ని అలా వదిలేశాను. ఏమొస్తుందో చూస్తాను.

ఆదివారం వస్తాను, రానిస్తే. సున్నం నీళ్ళు తోడి, అడుగు కడిగి, బోదెలోని మట్టి తెచ్చి వేస్తాను. ఆకుల పోగు మళ్ళీ పోస్తాను. పెరట్లో నువ్వు చూపించినదే ముట్టుకుంటాను.

వరదానం


ఏలూరు,
24 ఆగస్టు 2025

వరదా, జాయ్సీ, ఇద్దరికీ,

ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాల్సిన మాటే, ఆగలేక రాస్తున్నాను.

నిన్న సాయంత్రం వాన. అలవాటు ప్రకారం మెట్టు మీద కూర్చున్నాను. చెవికి మిషను పెట్టుకోలేదు, అది వాననంతా ఇనప రేకుమీద పోసినట్టు వినిపిస్తుంది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత తుంగ మొదట్లోంచి ఒకటి అరిచినట్టనిపించింది. ఒక్కటే. మళ్ళీ అనిపించింది. కానీ అది నిజంగా అరిచిందో, జూన్‌లో విన్నది నా తలలో తిరుగుతోందో తేలలేదు. చెవులు పోయేవాళ్ళకి ఇదొక పరీక్ష, లేనివి కూడా వినపడతాయి. దిగులేసింది. లేచి వెళ్ళి గోడమీంచి సూర్యకాంతంగారిని పిలిచాను. "ఏవండీ, మీకేమైనా వినపడుతోందాండీ?" అని అడిగాను. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "వినపడక చస్తామాండీ? మళ్ళీ మొదలెట్టింది మీ దరిద్రపు కప్ప! సీరియల్లో ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు!" అన్నారు. ఆవిడ అరుపు నాకు స్పష్టంగా తెలిసింది. నా జన్మలో ఎవరి తిట్టూ అంత తీపిగా లేదు. గోడ పట్టుకుని నవ్వీ ఏడ్చీ, ఆవిణ్ణి కంగారు పెట్టేశాను. పాపం ఆవిడ గోడ చుట్టూ తిరిగొచ్చి నాకు మంచినీళ్ళిచ్చి, వానలో నా పక్కన కూర్చున్నారు. చివరికి ఆవిడకి కూడా నా చెవుల సంగతి చెప్పేశాను. "ఈ మాట ముందే చెప్పచ్చు కదండీ" అని చాలాసేపు నా చెయ్యి వదలలేదు. లేచేముందు, "పోన్లెండి, ఉండనివ్వండి" అన్నారు. కప్ప గురించే అనుకుంటాను.

ఇప్పుడు నీ సంగతి. ఆ ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రందాకా పనిచేశావు, సంతోషం. కానీ ఒక్క మాట మాట్లాడలేదు. మట్టి ఎక్కడ పొయ్యాలో చేత్తో సైగ చేశావు. అన్నం కావాలని నోటి దగ్గర చెయ్యి పెట్టి చూపించావు, చంటిపిల్లకి చూపించినట్టు. వెళ్ళేటప్పుడు కాగితం మీద "వెళ్ళొస్తాను" అని రాసి నా చేతిలో పెట్టావు. నువ్వు బాధపడతావని నేనూ ఏమీ అనలేదు.

ఒరేయ్ పిచ్చివాడా, డాక్టరుగారు ఏం చెప్పారో రాశాను కదా. సన్నవి ముందు పోతాయి, బొంగురువి ఆఖర్న పోతాయి. మన వంశంలో ఇంత బొంగురు గొంతు నీదొక్కడిదే. ఫోనులో కాదుగానీ ఎదురుగా కూర్చుంటే ప్రతి మాటా తెలుస్తుంది. నాకు మిగిలే ఆఖరి శబ్దాల్లో నువ్వున్నావు.

ఇక ఉత్తరాలు రాయకు. వచ్చి మాట్లాడు.

అక్క